వదులు తీగల తంబూరా

కరెంటు పోతే మోటారు ఆగాలి. ఆగలేదంటే ఎక్కణ్ణుంచో ఇంకో లైను దానికి అందుతున్నట్టు. దాచేపల్లి దగ్గర ఒక సిమెంటు ఫ్యాక్టరీలో ఇరవై రెండేళ్ళుగా ఎలక్ట్రికల్ ఫోర్‌మన్‌గా చేస్తున్న నేను నమ్మింది ఇదొక్కటే. మా క్వార్టర్స్‌లో ఎవరైనా దయ్యం కథ మొదలుపెడితే "ముందు ఫ్యూజు చూశారా?" అని వెక్కిరించేవాణ్ణి. ఇప్పుడు వాళ్ళ ముందు నోరు విప్పలేక ఇది రాస్తున్నాను.

మా అమ్మాయి హారిక గురజాలలో రాజ్యలక్ష్మి టీచరుగారి దగ్గర ఏడేళ్ళు సంగీతం నేర్చుకుంది. ప్రతి ఆదివారం నేనే బండి మీద దింపి, పాఠం అయ్యేదాకా బయట పేపరు చదువుకునేవాణ్ణి. నాకు రాగాలు తెలియవు. కానీ బేరింగు పోతున్న మోటారును చప్పుడుతోనే పట్టేసే చెవి కాబట్టి, టీచరుగారి తంబూరా కూడా అలాగే గుర్తుండిపోయింది. ఆవిడ చివరి తీగ మీటాక ఒక్క క్షణం ఆగి, అప్పుడు మళ్ళీ మొదటి తీగ మీదికి వెళ్ళేవారు. ఇంకెవరూ అలా మీటగా నేను వినలేదు.

ఆవిడ కిందటేడు కాలం చేశారు. తంబూరా హారికకు ఇమ్మని ముందే చెప్పి ఉంచారట.

ఆవిడ శిష్యులకు ఒక పద్ధతి ఉంది. ఇప్పుడు అందరిలాగే వీళ్ళూ కరెంటు శ్రుతిపెట్టె పెట్టుకునే పాడతారు. అయినా తంబూరా మాత్రం, మీటేవాళ్ళు లేకపోయినా సరే, శ్రుతి చేసి పాడేవాళ్ళ వెనక ఉంచాలి. శ్రుతి చేయకుండా పెడితే ఆవిడ ఊరుకునేవారు కాదు. "వట్టి కొయ్యను పెట్టి దండం పెట్టమాకండి" అని కసిరేవారు.

హారిక బలహీనత శ్రుతే. రెండేళ్ళ కిందట గుంటూరులో పోటీలో పాట మధ్య శ్రుతిపెట్టె ఆగిపోయింది. పిల్ల గొంతు పైకి పైకి పోయింది, జడ్జీలు ఆపేశారు. రెండు నెలలు ఇంట్లో కూనిరాగం కూడా తీయలేదు. టీచరుగారు మా ఇంటికొచ్చి మరీ మళ్ళీ కూర్చోబెట్టారు. అందుకే ఈ వేసవిలో నరసరావుపేటలో తొలి పూర్తి కచేరీ ఒప్పుకున్నప్పుడు, ఇదీ చెడితే ఇంక పాడదని నాకూ మా ఆవిడకూ తెలుసు.

తంబూరాను కారులో తీసుకెళ్ళాం. గుంతల రోడ్డులో తీగలు తెగుతాయని బయల్దేరేముందు బిరడలు తిప్పి నాలుగు తీగలూ నేనే వదులు చేశాను. అక్కడికెళ్ళాక వయొలిన్ మాస్టారు శ్రుతి చేసిపెడతానన్నారు. ఆయన బస్సు లేటు. వచ్చేసరికి సభవాళ్ళు మొదలుపెట్టమని తొందర. తంబూరాను అలాగే వెనక దిండు మీద పడుకోబెట్టాను.

వేదిక ఎక్కబోతూ హారిక నా చెయ్యి పట్టుకుంది. వేళ్ళు ఐసుముక్కల్లా ఉన్నాయి.

"నాన్నా, తంబూరా శ్రుతి చేపిచ్చావా?"

"ఆఁ, చేపిచ్చాలేమ్మా. నువ్వు పైకి పా."

పిల్ల వణికిపోతుంటే నిజం చెప్పలేకపోయాను.

ఐదున్నరకు మొదలైంది. నేను ముందు వరుసలో ఫోన్‌ను స్టాండుకు బిగించి రికార్డింగు పెట్టాను. రెండు కీర్తనలు బాగానే సాగాయి. పెద్ద రాగం ఆలాపన అందుకుంది. అంతలో గాలిదుమారం లేచి కరెంటు పోయింది.

ఫ్యాన్లు, మైకు, శ్రుతిపెట్టె అన్నీ ఒక్కసారే ఆగాయి. పెట్టెలో వేయాల్సిన సెల్స్ ఇంట్లో టేబుల్ మీదే ఉన్నాయని నాకు అప్పుడు గుర్తొచ్చింది. ఇంత కరెంటు ఉద్యోగం చేస్తూ సెల్స్ మర్చిపోయాను! గుంటూరు మళ్ళీ కళ్ళముందుకొచ్చింది. జనరేటరు చూద్దామని లేచి వేదిక పక్కకు పరుగెత్తాను.

అక్కడే ఆగిపోయాను. తంబూరా వినపడుతోంది.

నాలుగు తీగలు. చివర ఒక్క క్షణం ఆగడం. మళ్ళీ మొదటి తీగ.

కిటికీల్లోంచి ఇంకా వెలుతురు ఉంది. దిండు మీది తంబూరా నాకు నాలుగడుగుల దూరంలో స్పష్టంగా కనపడుతోంది. దగ్గర ఎవరూ లేరు. తీగలు నేను వదిలినట్టే వేలాడుతున్నాయి, ఒక్కటీ కదలడం లేదు. నిజం చెప్పాలంటే భయపడ్డాను. దానివైపు ఇంకో అడుగు వేయలేకపోయాను.

హారిక కళ్ళు మూసుకుని పాడుతూనే ఉంది. సుమారు ఐదు నిమిషాల తర్వాత జనరేటరు అందుకుంది. శ్రుతిపెట్టె మోగింది. అమ్మాయి గొంతు సరిగ్గా దాని మీదే ఉంది. ఆ మోతలో తంబూరా ఎప్పుడు ఆగిందో నేను గమనించలేదు.

కచేరీ అయ్యాక వయొలిన్ మాస్టారు నన్ను పక్కకు పిలిచారు. "ఎనక తంబూరా ఎవురండీ శ్రుతి చేసి మీటింది? చానా నిదానంగా మీటారు. నా వయొలిన్ కూడా దాన్నే పట్టుకుంది." మృదంగం ఆయన మాత్రం తనకేమీ వినపడలేదన్నారు.

అందరూ భోజనాలకు వెళ్ళాక ధైర్యం చేసి ఒక తీగ మీటాను. వదులు తీగ కొయ్యకు కొట్టుకుని బరబరమంది తప్ప నాదం రాలేదు.

రికార్డింగు ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. ఆ ఐదు నిమిషాల్లో హారిక గొంతు ఉంది, వయొలిన్ ఉంది, ఎవరిదో పసిబిడ్డ ఏడుపు ఉంది. తంబూరా లేదు. నా చెవి మోసం చేసిందనుకుందామంటే, మాస్టారి చెవి కూడా అదే మోసం ఎందుకు చేసిందో తెలియదు.

హారిక ఆరోజు తిరిగొస్తూ కారులో ఒక్కటే అంది. "కరెంటు పోయినా తంబూరా ఉంది గదా, నాకేం భయమెయ్యలా నాన్నా. ఎవురు మీటారో గానీ అచ్చం టీచర్ లాగే మీటారు." మా ఆవిడ నా మొహం చూసింది. నేను రోడ్డు చూస్తూ నడిపాను.

వచ్చే నెల సత్తెనపల్లిలో కచేరీ ఉంది. ఈసారి శ్రుతిపెట్టె వద్దని, తంబూరా ఉంటే చాలని హారిక వాళ్ళతో చెప్పేసింది. మీటడానికి మనిషిని చూస్తానంటే, "ఆరోజు మీటినోళ్ళే వస్తార్లే నాన్నా" అని నవ్వింది.

ఆ తంబూరా మా హాల్లో గోడకు ఆనించి ఉంది. నేను వదులు చేసిన తీగలు ఇంకా అలాగే ఉన్నాయి. తిరుగు ప్రయాణం కోసం వదులు చేశాననుకుంటోంది పిల్ల. పిల్లకు నిజం చెబితే గొంతు మళ్ళీ మూగబోతుందేమోనని భయం. చెప్పకపోతే, సత్తెనపల్లిలో వెనక ఏమీ మోగకపోతే? రోజూ డ్యూటీకి వెళ్తూ బిరడ మీద చెయ్యి వేస్తాను. బిగించాలో, వదులుగానే ఉంచాలో తెలియక తీసేస్తాను.