తూటాల మిషన్‌కు దొరకని ఇత్తడి గిన్నె

మా చిన్నప్పుడు... దసరా దగ్గర పడిందంటే ఇంట్లో ఇత్తడి సామానుకు చావొచ్చినట్టే. నాయనమ్మ పెరట్లో పీట వేసుకుని కూర్చునేది. ముందర చింతపండు, ఇటుక పొడి, కొబ్బరి పీచు... బిందెలు, చెంబులు, దీపపు కుందులు అన్నీ అయ్యాక, చివరికి తాత తూటాల మిషన్ వంతు వచ్చేది.

తూటాల మిషన్ అంటే ఈ కాలం పిల్లలకు తెలియదు. పాలకీడు అవతల గుట్టల అంచున మాకొక పల్లి చేను ఉండేది. అడవి పందులు మందలుగా దిగేవి... ఒక్కసారి ఆదమరిచామా, తెల్లారేసరికి చేనంతా దున్నేసినట్టు ఉండేది. అందుకే తాత కాలం నుంచి ఇంట్లో లైసెన్సు తుపాకి ఉంది. చంపడానికి కాదు, గాలిలోకి పేల్చి బెదరగొట్టడానికి.

కొత్త తూటాలు దొరకడం గగనం. అందుకని కాల్చిన ఖాళీ అట్ట గొట్టాలనే ఇంట్లో మళ్లీ మందు కూరి నింపుకునేవాళ్లు. నింపాక గొట్టం మూతిని లోపలికి మడిచి బిగించడానికే ఈ మిషన్. బల్ల అంచుకు తగిలించి పిడి తిప్పితే, దాని కొసన ఉన్న చిన్న ఇత్తడి గిన్నె మూతిని మడిచేది. ఏ దేశంలోనో, ఏ కాలంలోనో చేసిన వస్తువు.

తాత పోయాక ఆ మిషనే నాయనమ్మకు తాత. ఇనుప భాగాలకు నూనె రాసేది... ఇత్తడి గిన్నెను మాత్రం లోపల వేలు పెట్టి మరీ తోమేది. "మీ తాత దీన్ని అద్దం లెక్క పెట్టెటోడు" అనేది. తాత ఏనాడూ బట్టతో తుడవడం తప్ప ఇంకేమీ చేయలేదని అమ్మ గొణిగేది. నాయనమ్మకు వినిపించేంత గట్టిగా కాదు లెండి... ప్రాణం మీద తీపి ఎవరికి ఉండదు.

ఒక ఏడు పండగ వెళ్లీ వెళ్లగానే మిషన్ మొండికేసింది. పిడి ఎంత తిప్పినా మూతి మడతపడదు. నింపింది నింపినట్టే ఒలికిపోతోంది. చేనులో చూస్తే కాయ ఊరుతున్న సమయం... నాయినకు అన్నం సయించలేదు. మిషన్‌ను తువ్వాలలో మూటగట్టి, బడికి సెలవులే కదా అని నన్నూ వెంటబెట్టుకుని బస్సెక్కాడు.

సూర్యాపేటలో తుపాకులు బాగుచేసే ముసలాయన దాన్ని తిప్పి తిప్పి చూశాడు. "ఈ కంపెనీ నేను పోరగాన్నప్పుడే ఖతమైంది తమ్మీ. పార్టులు ఏడ దొరుకుతయ్? గిసొంటిదే ఇంకో పాత మిషన్ దొరికితే, దాంట్లకెల్లి పీకి ఏసుకోవాలె" అన్నాడు.

ఇక మిర్యాలగూడ పాత ఇనుప సామాను దుకాణాలన్నీ పట్టాం... రైసు మిల్లుల నుంచి వచ్చిన పుల్లీలు, బేరింగులు, తుప్పు పట్టిన షాఫ్టులు గుట్టలుగా ఉన్నాయి. నాయిన గొంతుక్కూర్చుని చేతులు నల్లబడేదాకా కెలికాడు. మా మిషన్‌కు చుట్టం ఒక్కటీ లేదు. దుకాణం ఆయన జాలిపడి, "కోదాడ పో అన్నా. గాడ లేత్ నడిపే ఆయన దేన్నైనా సూసి అసొంటిదే చేస్తడు" అన్నాడు. ఆ మాటకే నాయిన ఉషారై నాకు మిర్చి బజ్జీలు కొనిపెట్టాడు.

కోదాడ లేత్ ఆయన ఆంధ్రా వైపు మనిషి. గిన్నెను వెలుతురుకు పెట్టి, లోపల వేలితో తడిమి చూశాడు.

"ఇది వాడి అరగలేదండి. తోమి అరిగింది. ఇటుక పొడేసి తోముతారా?"

నాయిన తలూపాడు.

"లోపల సన్న గాడి ఉండాలండి, మూతిని మడిచేది అదే. దాని ఆనవాలు కూడా లేదు. చేయమంటే చేస్తాను... కానీ దేన్ని చూసి చేయను? అరిగినదాన్ని చూసి చేస్తే అరిగిందే వస్తుంది కదండీ."

అయినా నాయిన బతిమాలితే అందాజాగా ఒకటి చేసిచ్చాడు. అది అట్టను మడవలేదు... చీల్చింది.

తిరుగు బస్సులో నాయిన ఒక్క మాటే అన్నాడు. "నాయనమ్మకు చెప్పకు బిడ్డా. తనే కరాబ్ చేసిన్నని తెలిస్తే పానం మీదికి తెచ్చుకుంటది."

గడపలోనే ఎదురొచ్చింది నాయనమ్మ. "ఏమన్నరు కొడకా? అయితదా?"

"పాతగైంది గదనే అమ్మా. ఇగ గంతే."

"పాతగైతే ఇడిసిపెడ్తమా ఏంది. జర మంచిగ తోమితే అదే లైన్ల పడతది."

అప్పటికప్పుడు చింతపండు నానేసింది. నాయిన గోడకు ఆనుకుని చూస్తూ కూర్చున్నాడు... ఆపలేదు. 

ఆ నెలలోనే పందులు చేను పట్టాయి. నాయిన డబ్బాలు కొట్టి చూశాడు, మంటలు పెట్టి చూశాడు... వాటికి అవన్నీ అలవాటైపోయాయి. మరుసటేడూ అంతే. ఆ పై ఏడు విత్తనమే తేలేదు. ఎలక్షన్లప్పుడు రూలు ప్రకారం పోలీసు స్టేషన్‌లో అప్పజెప్పిన తుపాకిని తిరిగి తెచ్చుకోలేదు. మిర్యాలగూడలో ఒక రైసు మిల్లుకు వాచ్‌మన్‌గా కుదిరాడు.

ఇప్పుడు ఫోన్‌లో వెతికితే అలాంటి మిషన్ల బొమ్మలు బోలెడు... ఎక్కడెక్కడి వాళ్లో పాత పార్టులు ఒకరికొకరు పంపుకుంటున్నారు. ఒక బొమ్మలో గిన్నె లోపలి గాడి కూడా స్పష్టంగా కనిపించింది. నాయినకు చూపించాను. కళ్లజోడు సవరించుకుని చాలాసేపు చూశాడు. "ఇప్పుడెందుకు బిడ్డా" అని ఫోన్ తిరిగిచ్చేశాడు. బీడు పడ్డ చేనంతా సర్కారు తుమ్మ... కొట్టించే ఓపిక ఎవరికీ లేదు.

మీ ఇళ్లలోనూ ఇలా ప్రేమ ఎక్కువై పాడైపోయిన వస్తువులు ఉండే ఉంటాయి. ఉంటే రాయండి... చదువుకుని ఇది మా ఒక్క ఇంటి గోస కాదని కాస్త ఊరట పడతాను.

ఎందుకంటే, "మీ అయ్య సాగుచేసిన చేను, నీ చేతులల్ల పడావు పడ్డది కదరా" అని నాయనమ్మ పోయేదాకా నాయినను తిడుతూనే ఉంది. నాయిన ఒక్కనాడూ ఎదురు చెప్పలేదు.