నాన్నగారు కారు ఎత్తు పెంచిన వానాకాలం

డెబ్బైల చివర్లో మా ఊళ్ళో కారు కొనడం తెలివైన పని కాదు. ఉప్పలగుప్తం దాటి లోపలికి వస్తే మాకున్నది కాలవ గట్టు మీద మట్టిదారి. ఎండాకాలం దుమ్ము, వానాకాలం బురద, ఏ కాలంలోనైనా ఎడ్లబళ్ళు తొక్కిన లోతైన చాళ్ళు. ఊళ్ళో వాళ్ళు సైకిలు కొనుక్కునేవారు, కాస్త కలిగినవాళ్ళు మోటారు సైకిలు. మా నాన్నగారు కారు కొన్నారు. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అని మా నాయనమ్మ ఊరికే అనేది కాదు.

కారు అమ్మ కోసం. నాన్నగారు చాలా ఏళ్ళు గల్ఫులో మెకానిక్కుగా పనిచేశారు. అమ్మకు రొమ్ములో గడ్డ తీసేశాక కూడా జబ్బు నడుము ఎముకలోకి దిగిందని తెలిసి, ఉన్నపళంగా వచ్చేశారు. కాకినాడలో కరెంటు, అంటే రేడియేషను, పెట్టిస్తే నొప్పి తగ్గుతుంది, కొన్నాళ్ళు మనిషి దక్కుతుంది అన్నారు డాక్టర్లు. అక్కడే ఆసుపత్రిలో ఉండమంటే అమ్మ ఒప్పుకోలేదు, నా ఇంట్లో నా మంచం మీదే పడుకుంటానంది. బస్సులో కూర్చోలేదు. అందుకని, ఒక రైసుమిల్లు ఆసామి వదిలించుకుంటున్న పాత కారును నాన్నగారు తెచ్చారు. నేను కాలేజీ మానేసి అమ్మ దగ్గరున్నాను. మానెయ్యమని ఎవరూ అడగలేదు, వద్దనీ ఎవరూ అనలేదు. ఆ కోపం నాకు ఇప్పటికీ ఉంది.

మొదటి వానలకే కారు సంగతి తేలిపోయింది. చక్రాలు బళ్ళ చాళ్ళలోకి దిగితే, చాళ్ళ మధ్య మిగిలిన మిట్ట కారు కడుపును గీరేది. ఒకరోజు అమ్మను తీసుకుని బయల్దేరాము. ఆ మిట్టలో ఏదో రాయి ఉంది. ఇంజను కింద నూనె ఉండే చాంబరు పగిలి, నూనెంతా గట్టు మీద కారిపోయింది. వానలో అమ్మ వెనక సీటు మీద పడుకుని, పైకప్పు చూస్తూ ఉండిపోయింది. ఎవరిదో ఎడ్లబండి వచ్చి మమ్మల్ని ఇంటికి చేర్చేసరికి చీకటి పడింది. ఆ రోజు పెట్టాల్సిన కరెంటు తప్పిపోయింది.

చాంబరు అతికించి కారును ఇంటికి తెచ్చాక నాన్నగారు ఒక నిర్ణయానికి వచ్చారు. "అక్కడ గల్ఫులో ఇసకలో తిరిగే బళ్ళన్నీ ఎత్తు పెంచే తిప్పుతారమ్మా. ఎన్ని లేపేను నేను! మన కారూ లేపేస్తాను" అన్నారు నాతో.

వెనక చక్రాల మీద కారు బరువు మోసే ఇనప పట్టీల కట్ట ఉంటుంది. కమాను కట్ట అంటారు. దానికి ఇంకో రెండు పట్టీలు చేరిస్తే కారు వెనక భాగం లేస్తుంది. అంబాజీపేటలో కొబ్బరికాయల లారీలు బాగుచేసే చోట, లారీ నుంచి తీసేసిన పాత పట్టీలు సంపాదించి, కావలసిన పొడవుకు కోయించుకొచ్చారు. పెరట్లో కాయలు పోసే పాక ఖాళీ చేసి, కారును జాకీతో ఎత్తి, కింద కొబ్బరి మొద్దులు పెట్టారు. తర్వాత వెల్లకిలా దాని కిందికి దూరారు. ఆ వారమంతా మాకు ఆయన కాళ్ళే కనిపించాయి. ఆయన అమ్మ పడుకున్న గదికి వస్తే ఏం మాట్లాడాలో తెలిసేది కాదు. గుమ్మంలో నిలబడి, తలుపు గడియ బిగుతుగా ఉందో లేదో చూసి వెళ్ళిపోయేవారు. కారు కింద మాత్రం నెమ్మదిగా పాట పాడుకునేవారు, ఆదివారం చర్చిలో పాడే పాటే. ముందు చక్రాల దగ్గర కూడా ఏవో బిగించి, ఆ వైపూ లేపారు.

కారు పాకలోంచి బయటికొస్తే, కుచ్చెళ్ళు ఎత్తిపట్టుకుని బురద దాటే మనిషిలా ఉంది. నేను నవ్వాను. ఆ ఏడాది నేను నవ్విన నవ్వులు తక్కువ కాబట్టి గుర్తుంది. ప్రార్థన చెయ్యడానికి వచ్చిన పాస్టరుగారు, లోపల కూర్చుని చేద్దామని కాలెత్తితే పంచె అడ్డంపడింది. పీట వేసి ఎక్కించాము. అమ్మ ఎక్కడానికీ ఆ పీటే, దాన్ని కారులోనే ఉంచేశాము.

మర్నాడు కాకినాడ బయల్దేరాము. చాంబరు పగిలిన చోట నాన్నగారు కారు ఆపకుండా పోనిచ్చారు. మిట్ట కింద నుంచే వెళ్ళిపోయింది.

"చూసేవా? ఎక్కడా తగల్లేదు!" అన్నారు వెనక్కి తిరిగి. ఆయన ముఖం అంత వెలిగిపోవడం నేనెప్పుడూ చూడలేదు.

"ఆయ్, తగల్లేదండి" అంది అమ్మ.

ఆమె తల నా ఒడిలో ఉంది. చెయ్యి నా మణికట్టు మీద ఉంది. లారీ పట్టీలు లారీ బరువుకు వంగుతాయి గాని, ముగ్గురు మనుషులకు వంగవు. ప్రతి గుంటా సూటిగా ఆమె నడుములో దిగుతోంది. గుంట వచ్చినప్పుడల్లా ఆమె గోళ్ళు నా చర్మంలోకి పోతున్నాయి, నోట్లోంచి మాత్రం చిన్న మూలుగు కూడా లేదు. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారు, అదే జరిగింది మాకు.

ముక్తేశ్వరం రేవులో కారును ఏరు దాటించే పంటు మీదికి ఎక్కించి, నాన్నగారు దిగి అవతలి అంచున నిలబడ్డారు. గోదారి ఎర్రగా, నిండుగా ఉంది. నేను నా మణికట్టు అమ్మకు చూపించి, "చెప్పేస్తాను నాన్నగారితో" అన్నాను.

"నోరు మూసుకో" అంది అమ్మ. ఆమె నన్ను అలా కసిరి చాలా ఏళ్ళయింది. "ఇన్నేళ్ళూ డబ్బు పంపేరు, చీరలు పంపేరు. ఆయన చేత్తో నా కోసం చేసిన పని ఇదొక్కటేనే. దాన్ని బాలేదని నేననను, నువ్వూ అనకు."

ఇంకోసారి అలాగే వెళ్ళొచ్చాము. మూడోసారి పొద్దున్నే నేను జడ వేస్తుంటే, "ఇంక కాకినాడ వద్దులే, నాకు తగ్గింది" అంది. తగ్గడం కాదు, ముందు రోజు నుంచి మంచం మీద పక్కకు కూడా తిరగలేకపోతోంది. నాకు ఆమె మీద ఎంత కోపం వచ్చిందంటే, దువ్వెన అక్కడే పడేసి పెరట్లోకి వెళ్ళి, కారు అద్దం తుడుస్తున్న నాన్నగారితో అంతా చెప్పేశాను. మణికట్టు చూపించాను. ఆయన అద్దం చివరి దాకా తుడిచి, గుడ్డ పిండి ఆరేశారు.

కాసేపటికి కొబ్బరికాయల బస్తాలు తెచ్చి డిక్కీలో వేయడం మొదలుపెట్టారు. బరువు పడితే పట్టీలు వంగుతాయి, కారు మెత్తబడుతుంది. నన్ను వెనక సీటులో పడుకోమని గట్టు మీదికి తీసుకెళ్ళారు. నిజంగానే మెత్తబడింది. వంద గజాలు పోయామో లేదో, కింద కర్రున గీరింది. బరువుకు కారు మళ్ళీ పాత ఎత్తుకు దిగిపోయింది. కిందుంటే దారి ఒప్పుకోదు, పైకుంటే నడుము ఒప్పుకోదు. నాన్నగారు దిగి, బురదలో వంగి కారు కిందికి చాలాసేపు చూశారు. ఆయన ఏడుస్తున్నారని నాకు వీపు చూస్తేనే తెలిసింది. అంత మొండి మనిషి అలా వంగిపోవడం చూసి, చెప్పకుండా ఉంటే బాగుండేదా అని ఆ పూట అనుకున్నాను. తర్వాత మాత్రం అనుకోలేదు.

"విప్పేస్తాను. గట్టు దాటేదాకా నెమ్మదిగా పోనిద్దాం. మిట్టలొచ్చిన చోట పార పట్టుకుని నేనే చెక్కుతాను" అన్నారు.

బిగించినంత సులువుగా విప్పడం కుదరలేదు. వానకు బోల్టులు తుప్పుపట్టి పట్టేశాయి. కిరసనాయిలు పోసి, సుత్తితో కొట్టి, చేతులు చీరుకుపోయేలా లాగారు. పాకలోంచి సుత్తి దెబ్బ వినపడినప్పుడల్లా అమ్మ కళ్ళు మూసుకునేది. పాట వినపడలేదు. ఆ చివరి పట్టీ ఊడిన రోజుకు అమ్మ కూర్చోవడం కూడా మానేసింది.

నాన్నగారు చేతులు కడుక్కుని గదిలోకి వచ్చారు. ఈసారి గుమ్మంలో ఆగలేదు. "దించేసేను. లే, వెళదాం" అన్నారు. ఎక్కడికీ వెళ్ళలేమని ఆ గదిలో ముగ్గురికీ తెలుసు. అమ్మ సరేనంది.

ఆయన ఆమెను రెండు చేతులతో ఎత్తుకొచ్చి వెనక సీటులో, నా ఒడిలో తల ఉండేట్టు పడుకోబెట్టారు. పీట అక్కర్లేకపోయింది. ఆయన వెళ్ళి స్టీరింగు ముందు కూర్చున్నారు. అప్పుడే అమ్మ చెయ్యి నా మణికట్టును వెతికి గట్టిగా పట్టుకుంది. ఆమెకు ఎంత భయంగా ఉందో నాకు తెలిసింది. ఆయనకీ తెలిసినట్టుంది, కారు స్టార్టు చెయ్యకుండా అలాగే కూర్చున్నారు. పాక మీద వాన పడుతోంది.

కొంతసేపటికి అమ్మ వేళ్ళు వదులయ్యాయి.

"బాగుందండి" అంది. "ఇప్పుడు మెత్తగానూ ఉంది, ఎక్కడా తగలడమూ లేదు."

"ఆయ్" అన్నారు నాన్నగారు, ఎదురుగా పాక గోడకేసి చూస్తూ. కారు తాళంచెవి ఇంకా ఆయన చేతిలోనే ఉంది.