బెంచి వైస్ బిగించిన వంటిల్లు

మా బావ కోటేశ్వరరావు గారు కీర్తిశేషులయ్యారు. ఈ వాక్యం రాసి, కలం పక్కన పెట్టి, లేచి వెళ్ళి మంచినీళ్ళు తాగి వచ్చి మళ్ళీ చదువుకున్నాను. ఇంకా నమ్మబుద్ధి కావడం లేదు. పొదిలి నుంచి మస్తాన్ ఫోన్ చేసినప్పుడు నేను నల్లపాడు హైస్కూల్లో పిల్లలకి సంధులు చెబుతున్నాను. మస్తాన్ మా బావ దుకాణంలో ఆయనతోపాటు ఏళ్ళ తరబడి పనిచేసిన మెకానిక్కు. అతని గొంతు వినగానే, గుంటూరు నుంచి ఏ చిల్లుల గరిటో, ఏ కొత్తరకం కొబ్బరి కోరామో కొనుక్కురమ్మని బావ చెప్పించి ఉంటాడనుకుని, ఈసారి ఏం తేవాలయ్యా అని అడిగాను. మస్తాన్ "ఏమీ వద్దండి, మీరు రండి చాలు" అన్నాడు. పొద్దున్నే దుకాణం తీసి, కుర్చీలో కూర్చుని, టీ తెప్పించుకుని, అది తాగకుండానే వెళ్ళిపోయాడట ఆ మహానుభావుడు. ఆగిపోయిన యంత్రాన్ని ఆగినట్టే వదిలేయడం ఆయన జన్మలో ఎరగడు. తన గుండె దగ్గర మాత్రం ఆయన పనిముట్లేవీ పనికి రాలేదు.

బావది పొదిలిలో నీళ్ళ మోటార్లు, స్ప్రేయర్లు రిపేరు చేసే దుకాణం. ముందు దుకాణం, వెనక ఇల్లు. మిరప తోటకీ పత్తి చేనుకీ మందు కొట్టే రోజుల్లో ఆ దుకాణం ముందు స్ప్రేయర్లు బారులు తీరి ఉండేవి, వాటి యజమానులు అరుగు మీద బారులు తీరి ఉండేవాళ్ళు. రిపేరు ఆలస్యమైతే అన్నం, తొందరగా అయితే టిఫిను అన్నది ఆ దుకాణం నియమం. ఏదీ తినకుండా పోయే హక్కు రైతుకి లేదు. ఇంట్లో తినే వచ్చామని ఎవరైనా మర్యాదకి అబద్ధమాడితే బావ వాళ్ళ స్ప్రేయరు మూత తీసి జేబులో వేసుకునేవాడు. ఆ రోజుల్లో ఆయనకు వంటింటితో ఉన్న సంబంధమల్లా గుమ్మం బయట నిలబడి, "భారతీ, ఇద్దరొచ్చారు" అని కేకేయడం ఒక్కటే. ఆ ఇద్దరు లోపలికి వచ్చేసరికి ఐదుగురయ్యేవాళ్ళు.

భారతి మా అక్క. ఆ కేకకి ఆమె ఒక్కనాడు ముఖం చిట్లించగా నేను చూడలేదు. పప్పులో ఇంకో గ్లాసు నీళ్ళు పోసి, పచ్చడిలోకి ఇంకో రెండు మిరపకాయలు వేయించేది. ఎంతమంది వచ్చినా తన చేత్తో వడ్డిస్తేనే ఆమెకు తృప్తి. ఎవరి ఆకులో ఏది అయిపోయిందో అడక్కుండానే తెలిసేది. వాళ్ళు తింటుంటే గుమ్మానికి ఆనుకుని నిలబడి చూసేది. ఆమెకు అంతకు మించిన వేడుక, వినోదం వేరే లేవు.

అటువంటి మా అక్కకి పక్షవాతం వచ్చింది. దేవుడి దయవల్ల మాట తిరిగి వచ్చింది, నడక వచ్చింది. కుడిచెయ్యి మాత్రం రాలేదు. చెయ్యి పోయినందుకు ఆమె ఏడవలేదు. ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చాక, అరుగు మీద మనుషుల మాటలు వినపడగానే పెరట్లోకి వెళ్ళి కూర్చునేది. ఎవరైనా పలకరించడానికి వస్తే, వాళ్ళకి మంచినీళ్ళయినా ఇవ్వలేకపోయానే అని ఆ రోజంతా అన్నం మానేసేది. ఎడమచేత్తో ఇవ్వొచ్చుగా అక్కా అని ఒకసారి అన్నాను. "ఎడమచేత్తో పెడితే కుక్క కూడా తినదురా" అంది. ఆ మాట బావ విన్నాడు. మర్నాడు దుకాణం మస్తాన్‌కి అప్పజెప్పి, లుంగీ పైకి కట్టి వంటింట్లో అడుగుపెట్టాడు.

ఆయన పాకశాస్త్ర ప్రవేశం గురించి నేను వివరంగా రాయడం దివంగతులకు గౌరవం కాదు. అయినా కొంత రాయక తప్పదు. మొదటిరోజు ఆయన చేసిన ఉప్మాని గరిటెతో తీయలేక అట్లకాడతో ముక్కలు కోశాం. తిరగమోత వేసినప్పుడు మస్తాన్ దుకాణంలోంచి నీళ్ళ బక్కెట్టుతో పరిగెత్తుకొచ్చాడు. టీవీలో వంటల కార్యక్రమం పెట్టుకుని, అందులో వండే ఆవిడతో గట్టిగా వాదన పెట్టుకునేవాడు. ఆవిడ మీద ఆయన అభియోగం ఒకటే. "రెండు చేతులూ వాడితే ఎవరైనా వండుతారు, ఒక చేత్తో వండి చూపించమను పంతులూ" అనేవాడు నాతో.

అప్పుడు మొదలైంది మా బంధువర్గంలో ప్రసిద్ధికెక్కిన ఆయన యంత్రనిర్మాణం. దుకాణంలోని బెంచి వైస్‌ని ఊడదీసి తెచ్చి వంటగట్టుకి బోల్టులతో బిగించాడు. ఇనప ముక్కల్ని కదలకుండా పట్టుకునే ఆ వైస్ ఇప్పుడు కొబ్బరిచిప్పని, సీసా మూతని, సొరకాయని పట్టుకోవాలి. మొదటి కొబ్బరికాయ పేలిపోయింది. రెండోదాని నాటికి వైస్ పళ్ళకి సైకిలు ట్యూబు తొడిగాడు. ఒక చెక్కకి కిందినుంచి మేకులు దిగ్గొట్టి, పైకి లేచిన మొనలకి దోసకాయని గుచ్చి, ఒక్క చేత్తో కత్తి పట్టుకుని చకచకా తరగడం చూపించాడు. మిక్సీ మూతని ఎవరూ పట్టుకోకుండా మోటారు బెల్టు ముక్కతో బిగించే ఏర్పాటు చేశాడు. వెల్లుల్లి రెబ్బల్ని మూత డబ్బాలో వేసి గిలక్కొట్టి పొట్టు రాల్చాడు. కందిపప్పు, దోసకాయ ముక్కలు, పచ్చిమిరపకాయలు, చింతపండు ఒకే కుక్కర్లో ఒకేసారి వేసి, పైగిన్నెలో బియ్యం పెట్టి, మూడో కూతకి భోజనం సిద్ధమని ప్రకటించాడు. నిజంగానే సిద్ధమయ్యేది. ఉప్పు సంగతి మాత్రం ఆయన యంత్రాల పరిధిలోకి రాలేదు.

వచ్చినవాళ్ళకి భోజనం కంటే ముందు ప్రదర్శన ఉండేది. "ముందు చూడు, తర్వాత తిను" అన్నది ఆయన సూక్తి. ఆకలితో నకనకలాడే రైతుని వంటింట్లో నిలబెట్టి, పూరీల ప్రెస్సుకి తాను బిగించిన స్ప్రేయరు పిడిని ఒక్క నొక్కు నొక్కి చూపించి, మళ్ళీ ఇంకోసారి చూపించి, ఇప్పుడు నువ్వు నొక్కు అనేవాడు. చాలామంది తాము తినే పూరీలు తామే ఒత్తుకుని, అది అతిథి సత్కారమని నమ్మి కృతజ్ఞతతో వెళ్ళేవాళ్ళు. నేను ఒకసారి ఆ మేకుల చెక్క మీద బీరకాయ తరగబోయి వేలు గుచ్చుకున్నాను. మందు రాస్తూ, ఎడమచేత్తో తరగాల్సినదాన్ని కుడిచేత్తో తరిగితే ఇంతేనని నన్నే చీవాట్లు పెట్టాడు.

ఇక దోసెల ఉదంతం. పెనం మీద నూనె సమంగా పడాలని, పూలమొక్కలకి నీళ్ళు కొట్టే చిన్న చేతి స్ప్రేయరు కొత్తది ఒకటి తెప్పించి, అందులో నూనె పోశాడు. ఆ రోజు అరుగు మీద నలుగురైదుగురు పత్తి రైతులున్నారు. వేడి దోసెలని చెప్పి అందర్నీ లోపలికి పిలిచి, వాళ్ళ కళ్ళ ముందే ఆ స్ప్రేయరు అందుకుని పెనం మీద చుయ్యిమని కొట్టాడు. ఒక్కసారిగా అందరికీ ఇంటి దగ్గర తిని వచ్చిన సంగతి గుర్తొచ్చింది. కొత్తదిరా, వేరుశనగ నూనెరా అని బావ ఒట్లు పెట్టుకుంటున్నా ఎవరూ పీట మీద కూర్చోలేదు. చివరికి మస్తాన్ కూర్చుని ఒక దోసె తిన్నాడు. మిగతావాళ్ళు మస్తాన్‌ని చూస్తూ కూర్చున్నారు. అతను మూతి తుడుచుకుని ఇంకోటి అడిగాక, ఒక్కొక్కరే పీటలు జరుపుకున్నారు.

ఈ పనిముట్లన్నీ ఆయన ఎడమచేత్తోనే వాడి చూపించేవాడు. కుడిచెయ్యి వీపు వెనక మొలలో దోపుకునేవాడు. కొత్తగా చూసినవాళ్ళు ఏదో మొక్కు కాబోలనుకునేవాళ్ళు. మాకు తెలుసు, అక్కకీ తెలుసు. ఆమె ముందు పెరట్లోంచి చూసేది, తర్వాత గుమ్మంలోంచి చూసేది. ఒకనాడు ఆయన గోంగూరలో చింతపండు పిసుకుతుంటే ఇక భరించలేకపోయింది. పులుపులో పులుపేమిటి, లేవండి అవతలికి అని ఆయన్ని పక్కకి నెట్టి, ఎడమచేత్తో గరిటె అందుకుంది. బావ బయటికొచ్చి నా పక్కన కూర్చుని చెమట తుడుచుకున్నాడు. ఆమె లేవాలని కావాలనే పాడుచేశావా బావా అని చెవిలో అడిగాను. "కావాలని పాడుచెయ్యాలంటే ముందు బాగా చెయ్యడం రావాలి కదోయ్" అన్నాడు. అంతటి సత్యవాది.

అలా వంట అక్క చేతికి తిరిగి వచ్చింది. వడ్డన మాత్రం రాలేదు. అన్నీ వండి గిన్నెల్లో సర్ది, మనుషులు కూర్చునే వేళకి మళ్ళీ పెరట్లోకి వెళ్ళిపోయేది. ఎంత చెప్పినా వినేది కాదు. అప్పుడు బావ ఇంకో పని మొదలుపెట్టాడు. కుడిచెయ్యి మొలలో దోపుకుని, ఎడమచేత్తో గరిటె పట్టి తానే బంతికి వడ్డించడం సాగించాడు. కొందరు ముఖముఖాలు చూసుకున్నారు. కొందరు పైకి ఏమీ అనక, ఆ తర్వాత స్ప్రేయర్లు వేరే దుకాణానికి పట్టుకెళ్ళారు. మస్తాన్ ఆ మాట చెబితే, పోనీలే, పప్పు మిగులుతుంది అన్నాడట.

ఇలా ఉండగా మా పెదనాన్న రామకోటయ్య చీమకుర్తి నుంచి రాళ్ళ లారీ ఎక్కి దిగాడు. ఆచారం విషయంలో ఆయన ఎంత గట్టి మనిషంటే, ఒక పెళ్ళిలో ఉప్పు ముందు వడ్డించలేదని బంతిలోంచి లేచిపోయాడు. ఆ రోజు నేనూ అక్కడే ఉన్నాను. బావ ఎడమచేత్తో పప్పు గరిటె ఆయన ఆకు మీదికి తెచ్చేసరికి పెదనాన్న ఆకుకి చెయ్యి అడ్డం పెట్టాడు. మతి ఉండే చేస్తున్నావా అని అడిగాడు. బావ గరిటె వెనక్కి తీయలేదు.

"ఈ ఇంట్లో కుడిచెయ్యి తినడానికండి మావయ్యగారూ. పెట్టేది ఎడమ చెయ్యే. మీరు లేచిపోయినా సరే, మీ తర్వాత వచ్చేవాడికీ ఇలాగే పెడతాను" అన్నాడు.

పెదనాన్న చాలాసేపు బావని చూశాడు, మొలలో దోపిన ఆ కుడిచేతిని చూశాడు. తర్వాత పెరటి గుమ్మం వైపు చూశాడు. అక్క తలుపు వెనక నిలబడి ఉంది. ఆ చీర కుచ్చిళ్ళు మాకు కనిపిస్తూనే ఉన్నాయి.

"నీ చెయ్యి నాకొద్దు, కుడిదీ వద్దు, ఎడమదీ వద్దు. మా అమ్మాయిని పెట్టమను, తింటాను" అన్నాడు పెదనాన్న.

అక్క రావడానికి ఎంతసేపు పట్టిందో నేను చెప్పలేను. వచ్చి ఎడమచేత్తో గరిటె పట్టుకుంది. చెయ్యి వణికి సగం పప్పు ఆకులో, సగం పెదనాన్న పంచె మీద పడింది. ఆయన పంచె సంగతి ఎత్తకుండా అన్నంలో కలుపుకుని, నెయ్యి ఏదమ్మా అన్నాడు. బావ గబగబా గోడ వైపు తిరిగి మిక్సీ బెల్టు సరిచేయడం మొదలుపెట్టాడు. ఆ బెల్టు అప్పటికి బాగానే ఉంది. ఆ తర్వాత మా అక్క మళ్ళీ ఎప్పుడూ పెరట్లోకి వెళ్ళి కూర్చోలేదు. పెదనాన్నంతటివాడు తిన్నాడని తెలిశాక, వేరే దుకాణాలకి వెళ్ళిన స్ప్రేయర్లు కూడా తిరిగొచ్చాయి.

పోయినవారి ఆత్మకు శాంతి కలగాలని కోరడం ఇటువంటి వ్యాసాలకు మర్యాద. మా బావకి శాంతి కోరడానికి నాకు నోరు రావడం లేదు. శాంతిగా ఒకచోట కూర్చునే మనిషి కాదాయన. పరలోకంలో వంటశాల అంటూ ఉంటే ఈపాటికి అక్కడ ఏదో ఒకటి విప్పి ముందేసుకుని ఉంటాడు. అక్కడివాళ్ళు ఆకళ్ళతో నిలబడి చూస్తుంటారు. నా మట్టుకు నేను అలాంటి చమత్కారిని, అలాంటి మొండివాణ్ణి, భార్య మనసు తెలుసుకుని నడిచినవాణ్ణి మా కుటుంబంలో మరొకరిని చూడలేదు. ఇక చూడబోను కూడా. ఆ లోటు తీరేది కాదు.

మొన్న పెద్దకర్మ జరిగింది. పోయినవాళ్ళకి ఇష్టమైనవన్నీ వండి, ఒక ఆకులో వడ్డించి పటం ముందు పెట్టడం మా వైపు ఆచారం. ఆ పని తాము చూసుకుంటామని, అక్కని లోపల కూర్చోమని పెద్దవాళ్ళు చెప్పారు. అక్క లేచి వచ్చి పటం ముందు కూర్చుని, ఎడమచేత్తో అన్నం పెట్టింది, దోసకాయ పప్పు వేసింది, నెయ్యి వేసింది. ఆ చెయ్యి వణకలేదు. వచ్చినవాళ్ళందరూ తిని లేచాక చల్లారినదేదో తినడం ఆయనకి జీవితమంతా అలవాటు. ఆ ఇంట్లో అందరికంటే ముందు ఆయనకి వడ్డించడం అదే మొదలు.

"ఇవాళైనా వేడిగా తినండి" అంది అక్క.

మా ఆకుల్లోనూ వడ్డన అయిపోయింది. కానీ ఆ ఆకు మీద ఆవిరి తగ్గేదాకా బంతిలో ఎవరం ముద్ద కలపలేకపోయాం.