నడుంలోతు నీళ్లలో వేసిన ఒట్టు

ఆ రోజుల్లో, అంటే పంతొమ్మిది వందల ముప్ఫైల్లో, పద్దెనిమిదేళ్ల కుర్రాడికి ఒక సిద్ధాంతమంటూ లేకపోతే నలుగురిలో తలెత్తుకోవడం కష్టంగా ఉండేది. ఏలూరులో నాతో చదివినవాళ్లు కొందరు ఖద్దరు కట్టారు, కొందరు గడ్డాలు పెంచారు. నాకు మాత్రం కొల్లేటి లంక బడిలో చిన్న మాస్టారుగా దొరికిన మొదటి ఉద్యోగంతో పాటు శూన్యం కూడా దొరికింది. ఇరవై ఏళ్లుగా మా బంధువుల్లో ఆ బడి ప్రస్తావన వస్తే అక్కడి పెద్ద మాస్టారిని 'చేపల దొంగ మాస్టారు' అని నవ్వుకుంటారు. నేనూ కలిసి నవ్వాను. అది అబద్ధమని చెప్పడానికే ఇది రాస్తున్నాను.

బడిలో మేమిద్దరమే. వెనక ఉన్న ఒకే గదిలో కాపురం. పెద్ద మాస్టారికి నలభై దాటాయి. దేవుడు లేడు, పాపం లేదు, పుణ్యం లేదు, ఈ బతుక్కి అర్థమూ లేదు అనేవారు. (అని, వెంటనే బడిగంట కొట్టడానికి పరుగెత్తేవారు. ఒక్క నిమిషం ఆలస్యం కానిచ్చేవారు కాదు.) ఊరంతా ఆయన్ని 'శూన్యం మాస్టారు' అనేది. ఆయన మాటలు నా తలకి బాగా ఎక్కాయి. గంట కొట్టడం మాత్రం ఎక్కలేదు.

పాపం లేదని నోటితో అంటే చాలదు, ఒకటి చేసి చూడాలనిపించింది. కొల్లేట్లో మావులు, అంటే వెదురుపుల్లలతో అల్లిన చేపల బోనులు, నీళ్లలో పెట్టి వదిలేస్తారు. కాపలా ఉండదు. కట్టిన గుడ్డపీలిక గుర్తు చూసుకుని ఎవరిది వాళ్లు తీసుకుంటారు. ఒకరి మావు ఇంకొకరు ముట్టుకోవడమన్నది లేదు. ఒక తెల్లవారుజామున నేను వెళ్లి ఒక మావు తెరిచి, మూరెడు కొర్రమీనుని పట్టుకొచ్చాను. అది మాకు రోజూ పడవలో మంచినీళ్లు తెచ్చిపోసే మామ్మ మావు. తీరా గదికొచ్చాక గుర్తొచ్చింది, మాది భీమడోలులో కిరాణా వర్తకుల ఇల్లు, చేప వాసన వస్తే వీధి మారే వంశం! తిరిగి వదిలేద్దామంటే ఒడ్డున అప్పటికే జనం. ఖాళీ కడవలో పడేసి మూత పెట్టాను. కొర్రమీను అంత తొందరగా చావదు. లోపల అది కొట్టుకుంటుంటే బయట నా గుండె కొట్టుకుంది. 'పాపం లేదు, పాపం లేదు' అని జపం మొదలుపెట్టాను.

మామ్మ నీళ్లబిందెతో వచ్చి మూత తీసింది. చేప ఎగిరి మాస్టారి కాళ్ల దగ్గర పడింది.

"ఓరి నాయనోయ్! ఇదేంటండి మేస్టారండీ? మీకు మావెక్కడిదండీ? పొద్దున చూస్తే నా మావు నోరు తెరుచుకునుందండి!"

ఊరు పోగయింది. అక్కడ ఇలాంటి తగువులకి ఒకటే పద్ధతి. నడుంలోతు నీళ్లలో దిగి, దోసిట్లో నీళ్లు పట్టుకుని, అమ్మవారి మీద ఒట్టేసి 'నేనెరగను' అనాలి. అన్నవాణ్ణి మళ్లీ ఎవరూ అడగరు. దొంగ ఒట్టు వేసినవాడు ఒడ్డెక్కడని నమ్మకం.

"మీమీద అనుమానం కాదండి చిన్నమేస్టారూ. షావుకార్ల బిడ్డ చేపనేం చేసుకుంటాడండీ? పద్ధతుంది కాబట్టి దిగండి" అన్నాడు కులపెద్ద.

దిగాను. కాలికి నాచు తగిలితే అమ్మవారి చెయ్యే అనుకున్నాను. (నిన్నటిదాకా లేని అమ్మవారు!) అయినా దోసిలి పట్టి, "అమ్మవారి తోడు, నేనెరగను" అనేసి, ఎక్కనిస్తుందో లేదోనని రెండంగల్లో ఒడ్డెక్కాను.

మాస్టారు ఒడ్డునే నిలబడ్డారు. "నేను తియ్యలేదండీ. కానీ ఒట్టు వెయ్యను."

"అదేంటండీ?"

"లేదనుకునే అమ్మవారి మీద ఒట్టేస్తే మిమ్మల్ని మోసం చేసినట్టు కదండీ."

"తియ్యనోడికి భయమెందుకంట?" అన్నారెవరో. "దేవుడే లేడన్నోడికి చేపెంతండీ!" అని ఇంకొకరు నవ్వారు. ఆయన ఒక్కసారి నావైపు చూశారు. గదిలో ఉండేది ఇద్దరమే కదా. అయినా నా పేరు చెప్పలేదు. నేనూ చెప్పలేదు.

మధ్యాహ్నం పడవకే ఆయన్ని పంపేశారు. ట్రంకుపెట్టె మోసే నెపంతో వెంట వెళ్లి, "నేనేనండీ" అని గొణిగాను.

"తెలుసు లేవయ్యా."

"ఏమీ లేనప్పుడు, మరి ఒక్క దొంగ ఒట్టుకి మీకు అడ్డమేంటండీ?" (అప్పుడు కూడా నాకు సిద్ధాంత సందేహమే!)

"పైన చూసేవాడొకడున్నాడంటే వాడి కన్నుగప్పే వీలుంటుందయ్యా. లేడనుకుంటే ఆ కాపలా కూడా మనమే కాసుకోవాలి. సెలవుల్లేని ఉద్యోగం." పడవెక్కాక, "మామ్మకి నువ్వే చెప్పు" అన్నారు.

మర్నాడు మామ్మ ఎప్పట్లాగే నీళ్లు పోసింది. "మంచోరే అనుకున్నామండి" అంది. "అవును మామ్మా" అని ఆ నీళ్లే తాగాను.

ఇప్పుడు నాకు తాడేపల్లిగూడెంలో కొట్టుంది, శనివారాలు గుడి ఉంది. మొన్న కొట్టుకొచ్చిన ఒకాయన, "దైవభయం లేనివాడికి నీతేముంటుందండీ?" అంటే, "అవునండీ, అవునండీ" అని తలూపాను. ఆయన వెళ్లాక సిగ్గేసి, కూర్చుని ఇదంతా రాసి మా ఆవిడకి చదివి వినిపించాను. ఆవిడ మెచ్చుకుంటుందనుకున్నాను.

"ఆ మామ్మ ఇంకా ఉందాండీ?" అంది.

"ఏమో, ఉంటే ఎనభై దాటి ఉంటాయి."

"అయితే ఇక్కడ కూర్చుని రాస్తారేంటండీ? ఆ లంకకి పడవల్లేవా?"

నవ్వొచ్చింది. ఏలూరు నుంచి రోజూ పొద్దున ఒకటుంది. ఇరవై ఏళ్లుగా ఉంటూనే ఉంది.