రెండు గంటల దారి

ఇన్నేళ్లుగా నా గుండెల మీద ఒక బండ ఉంది. నేనే ఎత్తుకున్న బండ. మీ ముందు దించుతున్నాను, ఎందుకంటే మీరు నన్నెరగరు.

పంతొమ్మిది వందల అరవైల్లో బోధన్‌లోని ఒక చక్కెర మిల్లులో పనిచేశాను. మొదట చెరుకు కాంటా దగ్గర ఉండేవాణ్ని. కోటగిరి వైపు రైతుల బండ్లను తక్కువ తూచేవాణ్ని. నాతో పనిచేసే గంగాధర్ ఒకరోజు అందరి ముందు ఆ మోసం బయటపెట్టాడు. నన్ను కాంటా నుంచి తీసి ఆఫీసులో పడేశారు. ఆఫీసర్లకు విమానం టికెట్లు తీయించడం నా పని. మోసం బయటపడ్డ రోజు రైతులు నన్ను చూసి నవ్విన నవ్వును నేను మరవలేదు.

రెండేళ్లకు గంగాధర్‌కు జబ్బు ముదిరింది. తమ్ముడు బొంబాయి ఆస్పత్రికి తీసుకుపోయాడు. భార్య సుగుణ పచ్చి బాలింత, వెంట పోలేకపోయింది. ఒక పొద్దున్నే తంతి వచ్చింది, వెంటనే రమ్మని. ఆమె పసిబిడ్డనెత్తుకుని నా దగ్గరకు పరుగెత్తుకొచ్చింది.

"అన్నా, ఇమానంల పోతే ఎంతసేపైతది? ఒంటి మీది బంగారం అమ్మైనా పోత."

బేగంపేట నుంచి బొంబాయి గాలిలో నాలుగు వందల మైళ్లు కూడా లేదు. రెండు గంటల ప్రయాణం. బస్సులో హైదరాబాద్ పోయి మధ్యాహ్నం విమానం ఎక్కితే చీకటి పడకముందే భర్త పక్కన ఉండేది. నాకు తెలుసు. అయినా ఏమన్నాను?

"ఇమానం నాగపూర్ల దిగుతది చెల్లె. రాత్రంత గాడనే ఆపుతరు. రేపు సాయంత్రానికి గాని చేరవు. రైలే నయం."

"నిజమేనా అన్నా?"

"దినాం నేను చేసే పని గదే గద."

నిజామాబాద్ స్టేషన్ దాకా వెళ్లి నేనే రైలెక్కించాను. మన్మాడ్‌లో బండి మారి, బిడ్డతో ఆమె మర్నాడు ఆస్పత్రి చేరేసరికి అతను పోయి చాలాసేపైంది. తెల్లవారేదాకా తలుపు వైపే చూశాడని తమ్ముడు చెప్పాడు.

అతను చావాలని నేను కోరానా? లేదు. చూసి చూసి కళ్లు కాయలు కాయాలని కోరాను. అదే జరిగింది. విన్నప్పుడు ముందు నాకు కలిగింది భయం కాదు, తృప్తి. భయం తర్వాతెప్పుడో వచ్చింది.

సుగుణ తిరిగొచ్చి నా చేతులు పట్టుకుంది. "ఇమానం ఎక్కితే ఇంకా ఆలిశ్యమయ్యేది. నీ మేలు మరువనన్నా," అంది. ఆ ఏడు నుంచి నాకు రాఖీ కడుతోంది. నేను చెయ్యి చాస్తూనే ఉన్నాను. ఏ ఒక్క ఏడైనా వెనక్కి తీసుకోవచ్చు కదా? తీసుకోలేదు. పిల్లవాడు నన్ను మామా అంటే పలికాను కూడా.

ఆమెకు చెప్పే ధైర్యం నాకు లేదు, ఇక రాదు. చెబితే ఆమెకు మిగిలిన ఆ ఒక్క ఊరట కూడా పోతుందని నాకు నేను నచ్చజెప్పుకుంటాను. అదీ నన్ను కాపాడుకోవడానికే.

మీకు చెప్పాను. ఊపిరి కొంచెం తేలికగా ఆడుతోంది. ఈ తేలిక నాకు దక్కవలసింది కాదు. అయినా తీసుకుంటున్నాను.