గిన్నె అంచు కింద మెరుపు

2020 మే పన్నెండు, మంగళవారం. ఇంగ్లండు నుంచి పార్సెల్ వచ్చిన రోజు. అది వచ్చేసరికి నేను ఇంట్లో లేను, మందుల కోసం ఆపోటెక్ ముందు మాస్కు పెట్టుకుని వరుసలో నిలబడి ఉన్నాను. తిరిగి వచ్చేటప్పటికి పెట్టె నా బల్ల మీద ఉంది, చెల్లెలు వంటింట్లో పోపు వేస్తోంది.

పెట్టె చూడగానే అనుమానం వచ్చింది. కింద కాగితం టేపు, దాని మీద ప్లాస్టిక్ టేపు. జాగ్రత్తగా ప్యాక్ చేసేవాళ్ళెవరూ రెండు రకాలు వాడరు. దారిలో ఎవరో విప్పి మళ్ళీ అతికించారనుకున్నాను.

నేను పాత బ్రిటిష్ స్టూడియో కుండలు సేకరిస్తాను. కార్ఖానాలో అచ్చు పోసినవి కావు ఇవి. ఒక్క మనిషి తన చక్రం మీద తిప్పి, తన బట్టీలో కాల్చి, అడుగున తన ముద్ర వేసినవి. బంగారు అంచుల తెల్ల పింగాణీకి పేరుపడ్డ ఈ డ్రెస్డెన్‌లో వాటిని కొనే నన్ను చూసి పక్కింటివాళ్ళు నవ్వుకుంటారు. 2003లో ఎల్బే నది ఒడ్డున ఫ్లోమార్క్ట్ అనే పాత సామాన్ల సంతలో ఒక మట్టిరంగు గిన్నె చేతిలోకి తీసుకున్నాను. కింద పెట్టబుద్ధి కాలేదు. అలా మొదలై నలభై ఒకటి చేరాయి. ఇరవై రెండేళ్ళు ఆఫీసులో లెక్కలు చూసినదాన్ని, ఏది ఎప్పుడు ఎంతకు కొన్నానో ఇప్పటికీ చెప్పగలను.

ఆ రోజు వచ్చింది నలభై రెండోది. అలాంటిదాని కోసం తొమ్మిదేళ్ళు వెతికాను. వెడల్పాటి గిన్నె, మీగడ రంగు పూత, ఆ పూత నిండా వెంట్రుకంత సన్నని పగుళ్ళు. పగుళ్ళు లోపం కాదు, చేసినావిడ కావాలని తెప్పించినవి. ఆవిడ అలాంటివి చాలా తక్కువ చేసింది. అమ్మినాయన ఇంగ్లండు పడమటి తీరంలో ఉండే రిటైరైన టీచరు. "అతుకు లేదు, రిపేరు లేదు. నచ్చకపోతే పద్నాలుగు రోజుల్లో వెనక్కి పంపండి" అని రాశాడు. ప్రతి మెయిల్లోనూ నా ఆరోగ్యం అడిగేవాడు. మరీ మర్యాదగా రాసే అమ్మకందారుల మీద నాకు మొదటినుంచీ నమ్మకం తక్కువ.

గిన్నె బయటికి తీశాను. ఫొటోలో కన్నా కాస్త పచ్చగా ఉంది.

"ఇదేనా అక్కా నూట ఎనభై పౌండ్ల కుండ?" చెల్లెలు గరిటె పట్టుకునే వచ్చింది. "నిండా బీటలే. ఊళ్ళో అయితే ఇలాంటిది ఊరికే ఇచ్చినా పుచ్చుకోం."

"ముట్టుకోకు."

"ముట్టుకోన్లేవే తల్లీ."

అంత సులువుగా ఒప్పుకోవడం ఆమె అలవాటు కాదు. అప్పుడే పట్టించుకోవలసింది. ఫిబ్రవరిలో మూడు నెలలుందామని గుంటూరు నుంచి వచ్చింది. విమానాలు ఆగిపోయి నా దగ్గరే చిక్కుబడింది. మా ఇద్దరికీ పెళ్ళిళ్ళయ్యాక ఒకే ఇంట్లో అన్ని రోజులు ఉన్నది అదే మొదలు.

అతుకులు పట్టుకోవడానికి నా దగ్గర అతినీలలోహిత టార్చి ఒకటి ఉంది. ఆ కాంతిలో కొత్త జిగురూ కొత్త రంగూ మెరుస్తాయి, పాత పూత మామూలుగా మెరవదు. మా బాత్రూముకి కిటికీ లేదు కాబట్టి పట్టపగలే చీకటి. తలుపు వేసుకుని టార్చి వెలిగించాను. పగుళ్ళన్నీ ఆకుపచ్చగా వెలిగాయి. అంచు కింద ఒకచోట ఇంకా గట్టిగా.

టార్చి ఆర్పి మళ్ళీ వెలిగించాను. ముక్కలైన గిన్నెను అతికించి, పగుళ్ళ నిండా రంగు పూసి నాకు అంటగట్టాడన్నమాట. విరిగినదాన్ని నేను ఉంచుకోను. వెనక్కి పంపితే, డెబ్భై నాలుగేళ్ళ వయసులో, అలాంటిది మరొకటి దొరికేదాకా ఎదురు చూడలేను.

"అక్కా, అన్నం చల్లారిపోతోంది" అంటూ చెల్లెలు తలుపు తోసి చెయ్యి లోపలికి పెట్టింది. టార్చి ఆ చేతి మీద పడింది. గోళ్ళ చుట్టూ, అరచేతి గీతల్లో, అదే ఆకుపచ్చ.

ఇద్దరం ఆ చేతినే చూశాం.

"నాక్కూడా రిపేరు చేశారంటావా?" అంది.

"నిజం చెప్పు. పెట్టె విప్పావా?"

"విప్పితే ఏం? ఏ దేశం చేతులు తగిలాయో! ఉప్పూ పసుపూ కలిపిన నీళ్ళతో కడిగితే ఏ పురుగూ ఉండదని వాట్సాప్‌లో వచ్చింది. కడిగి, తుడిచి, ఉన్నది ఉన్నట్టు పెట్టేశాను. నీ నోటికి భయపడి చెప్పలేదు."

"సబ్బు లేదా ఇంట్లో?"

"సబ్బు నీళ్ళు దాంట్లోకి దిగితే పాడవదూ?"

పసుపు ఆ కాంతిలో అలా మెరుస్తుందని నాకు అప్పటిదాకా తెలియదు. డబ్బాలోంచి చిటికెడు తీసి చూశాను, అదే మెరుపు. అయినా నా అనుమానం తీరలేదు. పసుపు కింద జిగురు లేదని ఏమిటి నమ్మకం? చెల్లెలు కడిగిందీ నిజం కావచ్చు, టీచరు మోసం చేసిందీ నిజం కావచ్చు.

పసుపు మరక ఎండకు వెలిసిపోతుంది, ఇది మా అమ్మ చీరలు ఆరేసేటప్పుడు చూసిందే. జిగురు అంత త్వరగా పోదు. కాబట్టి గిన్నెను బాల్కనీలో ఎండకు పెట్టాను. గడువు మే ఇరవై ఆరు. రోజూ గిన్నెను తిప్పి పెట్టడం, సాయంత్రం బాత్రూములో చూడడం. చెల్లెలు వడియాలు పెడతానని బాల్కనీలో సగం అడిగింది, ఇవ్వలేదు. "నీ కుండకున్న మర్యాద నాకు లేదు" అని రెండు రోజులు మాట్లాడలేదు.

పగుళ్ళలో మెరుపు రోజురోజుకీ పలచబడింది. ఇరవై ఐదో తేదీకి అంతా పోయింది. అంచు కింద మాత్రం గోరంత చోటు మిగిలింది. పంపాలంటే మర్నాడే ఆఖరు. పెట్టె తెచ్చి బల్ల మీద పెట్టాను, మెయిలు కూడా మొదలుపెట్టాను.

చెల్లెలు వచ్చి గిన్నె తీసుకుంది. ఈసారి ముట్టుకోవద్దనలేదు. సింకు దగ్గర ఎలా పట్టుకుందో అలాగే పట్టుకుని చూపించింది. బొటనవేలు సరిగ్గా ఆ మచ్చ మీద పడింది.

"బరువుగా ఉంటే జారుతుందేమోనని ఇక్కడ నొక్కి పట్టాను. వేలికి అంత పసుపు ముద్ద ఉంది మరి."

"నిజంగా అక్కడే పట్టుకున్నావా, నా కోసం అంటున్నావా?"

"నీ కోసం అబద్ధమాడే వయసా నాది?"

మొదలుపెట్టిన మెయిలు చెరిపేసి, గిన్నె క్షేమంగా చేరిందని రాశాను. టీచరు వెంటనే జవాబిచ్చాడు, మళ్ళీ నా ఆరోగ్యం అడిగాడు, ఈసారి చెల్లెలిది కూడా. ఇంట్లో చెల్లెలుందని ఆయనకు ఎప్పుడు చెప్పానో ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు. చెల్లెలే ఆయనకు రాసిందేమో అనిపించింది, అడగలేదు.

జులైలో ప్రత్యేక విమానంలో చెల్లెలు వెళ్ళిపోయింది. గిన్నె అల్మారాలో ముందు వరుసలో ఉంది. అప్పుడప్పుడు బాత్రూములోకి తీసుకెళ్ళి టార్చి వేసి చూస్తాను. అంచు కింద ఆ చోటు ఇంకా మెరుస్తూనే ఉంది. మరో పది రోజులు ఎండకు పెడితే అది పసుపో జిగురో తేలిపోతుంది. పెట్టలేదు.