అవతలి మాట

గత నెల ఒక సోమవారం ఉదయం నా భార్య పోయింది. తార్నాక చౌరస్తాలో ఎస్టీడీ బూత్ నుంచి వాళ్ళ అక్కకు కబురు చెప్పాను. ఆ బూత్ ముందు నుంచే పద్దెనిమిదేళ్ళు ఆమె యూనివర్సిటీకి నడిచి వెళ్ళి పాఠాలు చెప్పింది. ఆఖరి మూడు వారాలు వెళ్ళలేదు. నేను వెళ్ళనివ్వలేదు.

ఎం.ఏ. పిల్లలకు ఆమె ఆలోచించే పద్ధతి నేర్పేది. నియమం ఒక్కటే. ఎదుటి మనిషిని కాదనే ముందు అతని మాట నువ్వు చెప్పాలి. "అవును, నేనన్నది ఇదే" అని అతను తల ఊపాలి. ఆ తర్వాతే నీ జవాబు. ఏడాదిలో అందరూ ఒకసారి బోర్డు ముందు నిలబడి ఇది చేయాల్సిందే.

ఒకరోజు వాన పడుతుంటే గొడుగు తీసుకుని క్లాసు దాకా వెళ్ళాను. వారాసిగూడ నుంచి వచ్చే అమ్మాయి బోర్డు దగ్గర నిలబడి, తోటి విద్యార్థి ఒకడి మీద మండిపడుతోంది.

"రోజూ హాజరు తీయాలంటడు మేడం. గిదేం మాట!"

"ఎందుకంటున్నాడు?"

"నాకేం ఎరుక? గాయన్నే అడుగున్రి."

"నువ్వే అడుగు."

అడిగింది. హాజరు తీయకపోతే వాళ్ళ నాయిన పొలం పనికి పిలుస్తాడట. ఆ అమ్మాయి అదే మాట తిరిగి చెప్పింది. అతను తల ఊపాడు.

"అయితే గీయనొక్కనికే తీయున్రి మేడం!"

క్లాసంతా నవ్వింది. గుమ్మంలో నన్ను చూసి ఆ అమ్మాయే మళ్ళీ అడిగింది: "సార్‌తోని గూడ గిట్లనే కొట్లాడుతరా?"

"ఆయన వంతు ఇంకా రాలేదమ్మా."

తర్వాత ఆమెకు జబ్బు. డాక్టరు విశ్రాంతి తీసుకోమన్నాడు. "సెలవులిచ్చేదాకా వెళ్ళొస్తానండీ" అంది. వద్దన్నాను.

"నేనెందుకు వెళ్తానంటున్నానో ఒక్కసారి మీ నోటితో చెప్పండి. తర్వాత వద్దనండి."

"ఇది నీ క్లాసు కాదు" అన్నాను.

ఇస్త్రీ చేసి పెట్టుకున్న చీర బీరువాలో పెట్టేసింది. మళ్ళీ అడగలేదు.

దినాలయ్యాక ఆ అమ్మాయి ఇంటికి వచ్చింది.

"మా క్లాసుల నలుగురు మిగిలిన్రు సార్, వంతు రానోళ్ళు. వాళ్ళు అసలే నోరిప్పరు. జర ధైర్యం రావాలని మేడం వాళ్ళను ఆఖరుకు పెట్టిన్రు."

నేను అడిగి ఉంటే ఈ మాట ఆమే చెప్పేది.

ఇప్పుడు సాయంత్రాలు ఆమె కుర్చీకి ఎదురుగా కూర్చుని పైకే చెబుతున్నాను. నలుగురు మిగిలారు. నోరు విప్పకుండానే వాళ్ళు వెళ్ళిపోతారని నీ దిగులు. నువ్వన్నది ఇదేనా?

తల ఊపినప్పుడల్లా ఆమె కళ్ళద్దాలు ముక్కు మీదికి జారేవి. వేలితో పైకి తోసుకునేది. అవి కిటికీలో మడిచినవి మడిచినట్టే ఉన్నాయి.